మీకు పిగ్మెంటేషన్ ఉందండి

మేనకోడలి పెళ్లికి నెల ముందు దాన్ని వెంటబెట్టుకుని రాజమండ్రిలో ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్లాను. నాకు తెలిసి ఐదారేళ్ల కిందట అదే మెట్ల మీద బ్యూటీ పార్లర్ ఉండేది. కుర్చీలు అవే, అద్దాలు అవే, బోర్డు మాత్రం మారింది. తెల్ల ఏప్రాన్ వేసుకున్న అమ్మాయి, మహా అయితే ఇరవై రెండేళ్లుంటాయి, మా పిల్లను కుర్చీలో వెనక్కి వాల్చి, చుట్టూ లైటున్న భూతద్దాన్ని మొహం మీదికి లాగింది. ఒక నిమిషం చూసింది. "మేడమ్, మీకు పిగ్మెంటేషన్ ఉందండి. ఓపెన్ పోర్స్ కూడా. స్కిన్ బేరియర్ డ్యామేజ్ అయింది."

పిల్ల మొహం వాడిపోయింది. లోపలికి వచ్చేటప్పుడు దానికున్న బాధల్లా గడ్డం మీద రెండు మొటిమలు. బయటికి వచ్చేటప్పటికి మూడు జబ్బులు, ఆరు సిట్టింగుల ప్యాకేజీ కాగితం.

"పిగ్మెంటేషన్ అంటే ఏంటమ్మా?" అని అడిగాను.

"అదేనండి, పిగ్మెంటేషన్" అంది.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. కంపెనీ వాళ్లు రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చి నేర్పిన మాటలు తను అప్పజెబుతోంది. నా పేచీ ఈ ముచ్చట చెప్పినప్పుడు నన్ను మందలించిన పెద్దమనుషులతో. వాళ్ల వాదన ఇది. మన రోజుల్లో మొహానికి స్నో, పౌడరు తప్ప తెలియదు. సినిమా తార ఏ సబ్బు చేతిలో పట్టుకుంటే ఆ సబ్బు కొన్నాం. ఇప్పటి పిల్లలు డబ్బా తిప్పి వెనక రాసింది చదువుతారు. నయాసినమైడ్ ఎంత శాతం, సాలిసిలిక్ యాసిడ్ ఉందా లేదా, రెటినాల్ పగలు రాయాలా రాత్రి రాయాలా అన్నది ఇంటర్ చదివే పిల్ల కూడా చెప్పేస్తుంది. అందం వ్యాపారంలోకి సైన్సు వచ్చింది, దాని వెంట సైన్సు మాటలూ వచ్చాయి. జనానికి అవగాహన పెరిగింది, సంతోషించక సణుగుడెందుకు?

పెరిగింది మాటలు. అవగాహన కాదు. ఇంకా గట్టిగా చెప్పాలంటే, అవగాహన రావాల్సిన చోట ఈ మాటలు వచ్చి కూర్చున్నాయి. ఇవి రెండు పనులు చేస్తున్నాయి. ఏ జబ్బూ లేని చర్మానికి జబ్బు పేరు తగిలిస్తున్నాయి. డాక్టరు చీటీ లేకుండా ముట్టుకోకూడని మందును సింగారం సామాను చేసేస్తున్నాయి. మొదటిదానివల్ల డబ్బు పోతుంది. రెండోదానివల్ల మొహం పోతుంది, ఒక్కోసారి కిడ్నీలకే ముప్పు వస్తుంది.

మొదటిది చూద్దాం. పిగ్మెంట్ అంటే రంగు పదార్థం. మన చర్మంలో అది మెలనిన్. మీకు పిగ్మెంటేషన్ ఉందండి అంటే మీ చర్మానికి రంగుందండి అని. ఉండదూ మరి! గోదావరి ఎండకు పుట్టి పెరిగిన పిల్లకు రంగు లేకపోతే కదా డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సింది. నిజమైన చర్మ వైద్యులెవరూ ఆ మాట దగ్గర ఆగరు. బుగ్గల మీద, నుదుటి మీద గోధుమరంగు మచ్చలైతే మెలాస్మా అని రాస్తారు. మొటిమ మాని నల్లటి మచ్చ మిగిల్తే దానికి వేరే పేరు, వేరే మందు. మెడ వెనకా చంకల్లో చర్మం ముఖమల్ గుడ్డలా మందమై నల్లబడితే అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. అది చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చెప్పే గుర్తు. డాక్టరైతే షుగర్ పరీక్ష రాస్తారు. క్లినిక్ బోర్డు పెట్టుకున్న పార్లర్‌లో దాన్నీ పిగ్మెంటేషనే అంటారు, మెడకు పీల్ చేస్తారు. మెడ కాస్త తెల్లబడినట్టు కనిపిస్తుంది, షుగర్ దాని దారిన అది పెరుగుతూ పోతుంది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. డాక్టరు వేరు చేసినవాటిని మన ఆడవాళ్లు ఎప్పుడో వేరు చేసి పెట్టుకున్నారు. కాన్పయ్యాక బుగ్గల మీద వచ్చేది మంగు. వీపు మీద, ఛాతీ మీద పాలిపోయిన చుక్కలు పొడలు పొడలుగా వస్తే శోభి. గుండ్రంగా అంచులు కట్టి దురద పెడితే తామర. పాలలా తెల్లబడితే బొల్లి. ఎండాకాలం పేలితే చెమటకాయలు. మా నాయనమ్మ చూసి పేరు చెప్పేది. ఆవిడ చేసే వైద్యం అన్నిసార్లూ సరైనదని నేననను, తామరకు ఆవిడ రాయించిన పసర్లు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఏది ఏదో ఆవిడకు తెలుసు. మంగును శోభి అని ఎన్నడూ అనలేదు. ఇప్పుడు ఆ పేర్లన్నీ మోటు అయిపోయాయి. మంగు, మొటిమ మచ్చ, ఎండకు కమిలిన చెంప, షుగర్ మెడ, పుట్టుకతో వచ్చిన చామనచాయ, అన్నిటినీ కలిపి పిగ్మెంటేషన్ అనే ఒక్క గోతాంలో వేసి మూతి కట్టారు. దీన్ని అవగాహన అంటే నేనెలా ఒప్పుకోను?

రోమరంధ్రాల కథ ఇంకా విడ్డూరం. ఓపెన్ పోర్స్ అంటారు, తలుపు తీసి ఉంచినట్టు. వాటికి తలుపూ లేదు, మూసుకోవడానికి కండరమూ లేదు. ఆవిరి పడితే తెరుచుకోవు, ఐసు ముక్క రుద్దితే మూసుకోవు. జిడ్డు, వయసు, తల్లిదండ్రుల పోలిక, వీటిని బట్టి కొందరికి పెద్దగా కనిపిస్తాయి. అందరికీ ఉండేవే, తెరిచి ఉండేవే. ముక్కుకు రెండు రంధ్రాలున్నాయండి అని చెప్పి ప్యాకేజీ అమ్మితే ఊరుకుంటామా? ఇక స్కిన్ బేరియర్ అన్నది అసలైన మాటే. చర్మం పైపొర ఇటుక గోడలాంటిది, ఇటుకల మధ్య సున్నంలా కొవ్వు పదార్థాలుంటాయి, అవి పోతే చర్మం పొడిబారి మండుతుంది. ఆ గోడను కూలగొట్టేవాటిలో ముందుండేవి అతిగా వాడిన యాసిడ్లు, గరుకు స్క్రబ్బులు. అంటే పాడైందని చెప్పేవాళ్లూ, పాడుచేసే సరుకు అమ్మేవాళ్లూ, బాగుచేసే క్రీము అమ్మేవాళ్లూ ఒక్కరే.

ఈ మాటలు ఎక్కణ్ణుంచి బలం తెచ్చుకున్నాయో కూడా చెప్పాలి. మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో బజారుకొచ్చింది. నలభై అయిదేళ్లపాటు తెలుపు అన్న మాటను బాహాటంగా అమ్మాక, 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. అప్పటికే రంగును బట్టి మనిషిని తక్కువ చేసి చూపే ప్రకటనలు కూడదని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నియమాలు పెట్టింది. నలుపు అనడం తప్పయింది, మంచిదే. నలుపును తప్పుగా చూడటం మాత్రం పోలేదు. అది భాష మార్చుకుంది. పెళ్లిచూపుల్లో "పిల్ల కాస్త చామనచాయండీ" అంటే ఇప్పుడు నొచ్చుకుంటారు. అదే పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి "అన్‌ఈవెన్ టోన్, ట్యాన్, డల్‌నెస్" అంటే డబ్బులిచ్చి మరీ వింటారు. పాత తిట్టు మెడికల్ కాలేజీలో చేరి బయటికొచ్చింది, అంతే.

ఇప్పుడు డబ్బా తిప్పి చదివే పిల్లల సంగతి. చదవడం మంచిదే. ఏం చదువుతున్నారన్నదే ప్రశ్న. డెర్మటాలజికల్లీ టెస్టెడ్ అని ఉంటుంది. పరీక్ష రాశాడన్నారు గానీ పాసయ్యాడని ఎవరన్నారు? ఎంతమంది మీద, ఎన్నాళ్లు, ఏ ఫలితం కోసం పరీక్షించారో ఆ మాటలో లేదు. కొందరి వీపు మీద పట్టీ వేసి దురద వచ్చిందో లేదో చూసినా పరీక్షే. క్లినికల్లీ ప్రూవెన్ అంటారు. ఏది రుజువైంది, దేనితో పోల్చితే రుజువైంది అన్నది చుక్క గుర్తు పెట్టి, భూతద్దానికి కూడా అందని అక్షరాల్లో కింద వేస్తారు. మెడికల్ గ్రేడ్ అన్న మాటకైతే చట్టంలో చోటే లేదు.

హైపోఅలర్జెనిక్ అన్న మాటకు పెద్ద కోర్టు కథే ఉంది, తెలిస్తే చాలామంది ఆ డబ్బాను ఇంకోలా చూస్తారు. ఇది అమెరికాలో జరిగింది. తమ సరుకు అలర్జీ తక్కువ తెస్తుందని కంపెనీలు అచ్చేసుకుంటుంటే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1975లో ఒక నియమం తెచ్చింది. ఆ మాట వాడాలంటే మనుషుల మీద పరీక్షలు చేసి, పోటీ సరుకుల కంటే దీనివల్ల చర్మానికి ఇబ్బంది గణనీయంగా తక్కువని చూపించాలి. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ఆల్మే, క్లినిక్ అనే రెండు కంపెనీలు కోర్టుకెక్కాయి. కింది కోర్టులో ఓడిపోయాయి, పైకోర్టుకు వెళ్లాయి. 1977 డిసెంబరులో అప్పీళ్ల కోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. కారణం వినండి. మీరిచ్చిన నిర్వచనం ప్రకారమే కొనేవాళ్లు ఆ మాటను అర్థం చేసుకుంటున్నారని మీరు రుజువు చేయలేదు, అంది కోర్టు. ఆ మాటకు జనం ఏ అర్థం చెప్పుకుంటున్నారో తేలలేదు కాబట్టి ఏ అర్థమూ లేకుండానే వదిలేశారన్నమాట. ఇవాళ్టికీ ఆ దేశంలో ఆ మాట వాడటానికి ప్రమాణమంటూ లేదు. అలాంటి మాట సముద్రాలు దాటి వచ్చి మన కిరాణా కొట్టు షాంపూ సీసా మీద కూడా కూర్చుంది.

కాస్మెస్యూటికల్ అన్నది ఇంకో రకం. సగం సింగారం, సగం మందు అని సూచించే మాట. దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే ఫిలడెల్ఫియా చర్మ వైద్యుడు. గొప్ప పరిశోధకుడు. హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన అపకీర్తి కూడా ఆయనదే. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు. చట్టం మాత్రం అటో ఇటో తేల్చమంటుంది. మన 1940 నాటి చట్టం ప్రకారం శుభ్రం చేయడానికి, అందం పెంచడానికి, రూపం మార్చడానికి ఒంటికి రాసేది, చల్లేది కాస్మెటిక్. జబ్బును తగ్గించేది, ఒంటి నిర్మాణాన్నో పనితీరునో మార్చేది మందు. అందుకే కంపెనీల భాష అంత జాగ్రత్తగా ఉంటుంది. ముడతలు తగ్గిస్తుంది అనరు, ముడతలు కనిపించడాన్ని తగ్గిస్తుంది అంటారు. నిజంగా తగ్గిస్తే అది మందవుతుంది, మందైతే లైసెన్సు వేరు, లెక్కలు వేరు. పేరులో మందుతనం కావాలి, బాధ్యతలో వద్దు.

అర్థమున్న మాటలు అసలు లేవా అంటే ఉన్నాయి. సన్‌స్క్రీన్ డబ్బా మీది ఎస్‌పీఎఫ్ ఉంది. దానికి కొలత ఉంది, పద్ధతి ఉంది. ఎస్‌పీఎఫ్ 30 అయితే చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది, 50 అయితే దాదాపు 98. ఈ ఒక్క శాతం తేడాకు ఎంత ఎక్కువ ధర పెడుతున్నామో చూసుకోండి. పైగా ఆ అంకె, చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున మందంగా పట్టించి కొలిచినది. మనం బొట్టంత తీసి మొహమంతా సర్దుతాం. అప్పుడు 50 కాదు, అందులో నాలుగో వంతు దక్కినా గొప్పే. నిఖార్సయిన మాట గతే ఇదైతే గాలి మాటల గతి చెప్పాలా?

ఈపాటికి కొందరు లోలోపల నవ్వుకుంటూ ఉంటారు, అందుకే కదా మేం శనగపిండి, పసుపు వదల్లేదు అని. వాళ్లకూ నా దగ్గర మాటుంది. నేచురల్, కెమికల్ ఫ్రీ అన్నవీ ఈ తానులో ముక్కలే. నీళ్లూ కెమికలే, పసుపులో కర్‌క్యుమినూ కెమికలే. నిమ్మరసం మొహానికి పట్టించి ఎండలోకి వెళ్లి చూడండి, నిమ్మలో ఉండే ఫ్యూరోకూమరిన్లు ఎండ తగలగానే చర్మాన్ని కాల్చి, నెలల తరబడి పోని నల్లచారలు మిగులుస్తాయి. మన ఇళ్లల్లో అన్నిటికంటే అమాయకంగా కనిపించే వస్తువు స్టిక్కర్ బొట్టు. దాని జిగురులో వాడే పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం రంగునిచ్చే కణాలనే చంపుతుంది. ఏళ్ల తరబడి ఒకే చోట అంటించుకున్న నుదుళ్ల మీద బొట్టంత తెల్లమచ్చ పడటానికి కారణం అదే. మనవాళ్లు దాన్ని చూసి బొల్లి వచ్చిందని ఏడ్చి, ఆ మచ్చ కనపడకుండా ఇంకాస్త పెద్ద స్టిక్కర్ అంటిస్తారు.

బోర్డుల మీది మాటలు కూడా ఒకసారి తిరగేయాలి. కాస్మెటాలజిస్ట్ అని పేరు పక్కన కనిపించగానే మనం డాక్టరుగారూ అంటాం. అమెరికాలో కాస్మెటాలజీ లైసెన్సు అంటే జుట్టు కత్తిరించి, గోళ్లు దిద్ది, ఫేషియల్ చేసేవాళ్లకు ఇచ్చేది. గౌరవమైన వృత్తే, వైద్యం కాదు. మన దగ్గర చర్మ వైద్యంలో పీజీ చేసినవాళ్ల బోర్డు మీద ఎండీ తర్వాత డీవీఎల్ అని ఉంటుంది. ఆ మూడక్షరాల్లో చర్మమూ సుఖరోగాలూ కుష్ఠూ ఉన్నాయి, అందం లేదు. బహుశా అందుకే ఆ బోర్డు మనకు ఆకర్షణగా అనిపించదు. జుట్టు నాటే శస్త్రచికిత్సల విషయంలో, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన శిక్షణ అయిపోదని 2022లో జాతీయ వైద్య కమిషన్ రాతపూర్వకంగా చెప్పాల్సి వచ్చింది. చెప్పాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోవచ్చు.

లేజర్ అని చెప్పి చాలా చోట్ల చేసేది ఐపీఎల్. అది లేజరే కాదు, అనేక రంగులు కలిసిన వెలుగును దడదడా కొట్టడం. వెంట్రుకలో ఉన్న మెలనిన్‌కు తగలాల్సిన ఆ వేడి, మన చర్మంలో ఉన్న మెలనిన్‌కు కూడా తగులుతుంది. ఎవరి చర్మానికి ఎంత శక్తి పెట్టాలో తేల్చడానికి డాక్టర్లు ఫిట్జ్‌పాట్రిక్ కొలత చూస్తారు. 1975లో దాన్ని మొదట తెల్లవాళ్ల చర్మం కోసమే తయారుచేశారు. మనలాంటి గోధుమ, నల్ల చర్మాలను తర్వాత చివర చేర్చారు. మీ స్కిన్ టైప్ ఏంటి అని పార్లర్‌లో అడిగితే ఆయిలీనా డ్రైనా అని. అదే ప్రశ్న డాక్టరు వేసుకుంటే ఎండకు కమిలే చర్మమా, నల్లబడే చర్మమా అని. మాట ఒక్కటే. మెషీను చేతిలో ఉన్న మనిషికి ఆ రెండో అర్థం తెలియకపోతే కాళ్ల మీద నిలువునా వాతలు తేలతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు. మా వదిన సంగతి ఒక ఎత్తు.

రెండో కాన్పు తర్వాత మా వదినకు బుగ్గల మీద మంగు వచ్చింది. వీధి చివర మందుల షాపులో చెబితే, "పిగ్మెంటేషన్ క్రీమండీ, బాగా పోతోంది" అని వేలెడంత ట్యూబు ఇచ్చారు. మూడు వారాల్లో మొహం తళతళలాడింది. చూసినవాళ్లంతా ఏం రాస్తున్నావని అడిగారు, తనూ దాచుకోకుండా చెప్పింది. ఆ వీధిలో ఇంకో నాలుగు ట్యూబులు అమ్ముడుపోయి ఉంటాయి. ఎనిమిది నెలలయ్యాక చూశాను. బుగ్గలు ఎర్రగా, పల్చగా, లోపలి సన్నటి నరాలు పైకి కనిపిస్తున్నాయి. చెంపల మీద నూగు మొలిచింది, గడ్డమంతా మొటిమలు. "స్టవ్ ముందు నిలబడితే మొహానికి కారం పూసినట్టుంటోంది. ఒక్కరోజు మానేస్తే ఇంకా మంట. మళ్లీ రాస్తే తగ్గిపోతోంది. మంచి క్రీమే, దాని తప్పు లేదు" అంది.

ఆ ట్యూబులో మూడు మందులున్నాయి. హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం. ఈ మూడు రకాలను కలిపే ఆలోచన 1975 నాటిది, కలిపినవాళ్లలో ఒకడు మన క్లిగ్‌మన్. ఆయన కలిపిన పాళ్లు వేరు, స్టెరాయిడ్ వేరు, ఉద్దేశం మాత్రం మంగుకు డాక్టరు కనిపెట్టి చూస్తూ కొన్ని వారాలు వాడే మందు. మొమెటాసోన్ స్టెరాయిడ్. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, అందుకే ఎర్రదనం పోయి మొహం తెల్లబడినట్టుంటుంది. నెలలు గడిచేకొద్దీ చర్మాన్ని పల్చన చేస్తుంది. మానేస్తే ముడుచుకున్న నాళాలు ఒక్కసారి ఉబ్బుతాయి, మంట అదే. మళ్లీ రాయగానే తగ్గుతుంది కాబట్టి మందే మంచిదనిపిస్తుంది. తాగుడు మానినవాడికి వచ్చే వణుకు ఇంకో గుటకతో తగ్గినట్టు. కోల్‌కతా చర్మ వైద్యులు కౌశిక్ లాహిరి, అరిజిత్ కుందూ 2008లో దీనికి పేరే పెట్టారు, స్టెరాయిడ్ వల్ల పాడైన మొహం అని. ఒక దేశంలో క్రీము వాడకం వల్లే కొత్త జబ్బుకు పేరు పుట్టించాల్సి వచ్చిందంటే, అక్కడ అవగాహన పెరిగిందని ఎలా అంటారండీ?

ఆశ్చర్యమేమంటే ఇందులో చట్టం వాటా కూడా ఉంది. మింగే స్టెరాయిడ్లు డాక్టరు చీటీ మీదే అమ్మాలని మందుల నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్ ఎప్పటినుంచో చెబుతోంది గానీ, చర్మానికి రాసే రకాలకు అందులో మినహాయింపు ఉండేది. చర్మవైద్యుల సంఘం ఏళ్లపాటు పోరాడాక 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను ఆ షెడ్యూల్‌లోకి తెచ్చింది. కాగితం మారింది, షాపు మారలేదు. తామరకు కూడా స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన ట్యూబే ఇస్తున్నారు. దురద రెండు రోజుల్లో పోతుంది, తామర అంచులు చెరిగిపోయి లోలోపలే పాకుతుంది, డాక్టరు చూసినా తామర అని పోల్చుకోలేనంతగా వేషం మారుస్తుంది. ఈ దేశంలో తామర ఇంత మొండిదైపోవడంలో ఆ ట్యూబుల చేయి ఎంతో ఉంది.

క్రీము అన్న మాటే దీనికంతటికీ ముసుగు. మాత్ర అంటే భయపడతాం, సూది అంటే ఇంకా భయపడతాం. క్రీము అంటే రాసుకునేది, కడిగితే పోయేది అనుకుంటాం. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ డాక్టర్ల అనుభవం వినండి. మూత్రంలో ప్రొటీను పోయి కాళ్లు, మొహం వాచే మెంబ్రేనస్ నెఫ్రోపతి అనే కిడ్నీ జబ్బుతో 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా వచ్చిన 22 మందిలో 15 మందికి అరుదైన ఒకే రకం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది మొహం తెల్లబడటానికి క్రీములు రాసుకుంటున్నవాళ్లు. ఆ క్రీముల్లో పాదరసం. పాదరసం మెలనిన్ తయారీని ఆపుతుంది, చర్మం గుండా లోపలికి దిగి కిడ్నీలకు చేరుతుంది. మన నిబంధనల ప్రకారం మొహానికి రాసే వాటిలో పాదరసం పొరపాటున కలిసినా పది లక్షల వంతుల్లో ఒక వంతు మించకూడదు. ఆ డబ్బాల మీద పాదరసం అని ఎవరు రాస్తారు? గ్లో అని, వైటెనింగ్ అని, ఇన్‌స్టంట్ అని రాస్తారు. లేబుల్ చదివే పిల్లకు నయాసినమైడ్ తెలుసు గానీ, డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు ఉందా లేదా చూడాలని ఎవరూ చెప్పలేదు.

క్రీముతో తృప్తి పడనివాళ్లకు గ్లూటాథయోన్ డ్రిప్ ఉంది. పెళ్లి ప్యాకేజీల్లో ఇప్పుడు మెహందీ పక్క వరసలో దీని పేరు కనిపిస్తోంది. ఫిలిప్పీన్స్‌లో ఈ సూదిమందుకు అనుమతి ఉన్నది క్యాన్సర్ చికిత్సలో సిస్‌ప్లాటిన్ ఇచ్చేటప్పుడు తోడుగా వాడటానికి. తెల్లబడటానికి దీన్ని నరానికి ఎక్కిస్తుంటే అక్కడి ఔషధ సంస్థే జనాన్ని హెచ్చరించింది, కిడ్నీలకు, థైరాయిడ్‌కు ముప్పని, చర్మం ఊడిపోయే తీవ్రమైన రియాక్షన్లు రావచ్చని. మన దగ్గర దీన్ని డ్రిప్ అంటే జనం ఎక్కడ జంకుతారోనని ఐవీ గ్లో అంటున్నారు. నరంలోకి సూది గుచ్చే పనికి గ్లో అని పేరు పెట్టాక ఇక ఏ మాటను నమ్మాలి?

అయితే జనం వైద్యం మాటలు నేర్చుకోకూడదా, అదంతా డాక్టర్ల సొత్తా అని అడిగేవాళ్లుంటారు. నేర్చుకోవాలి, పూర్తిగా నేర్చుకోవాలి. పిగ్మెంటేషన్ అన్న మనిషిని ఏ పిగ్మెంటేషన్ అని అడిగేంత నేర్చుకోవాలి. రెటినాల్‌కీ ట్రెటినాయిన్‌కీ పేర్లు కలిసినా ఒకటి కొట్లో దొరికే కాస్మెటిక్, ఇంకొకటి డాక్టరు రాయాల్సిన మందు అని, రెండూ గర్భిణులు దూరం పెట్టాల్సినవని తెలిసేంత నేర్చుకోవాలి. ఆ కాస్తా నేర్పమంటే మాత్రం అవగాహన పెంచేవాళ్లెవరూ ముందుకు రారు. అందులో అమ్మకం లేదు.

వదినను చర్మ వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ట్యూబు చూసి తల పట్టుకోలేదు, రోజూ చూసేదే కాబోలు. మెల్లగా మాన్పించాలి, నెలలు పడుతుంది, మధ్యలో మొహం ఇంకా ఎర్రబడుతుంది, భయపడి మళ్లీ రాయొద్దు అంది. తిరిగి వస్తూ వీధి చివర మందుల షాపు దగ్గర ఆగాను. అదే ట్యూబు ఒకటి ఇమ్మన్నాను. చీటీ అడగలేదు. అట్టపెట్టె మూల ఆర్‌ఎక్స్ గుర్తు ఉంది, దాని కింద డాక్టరు చీటీ మీదే అమ్మాలన్న హెచ్చరిక ఉంది. రెండూ వేలు పెట్టి చూపించాను.

"ఇది మందు కదండీ, స్టెరాయిడ్ ఉంది. చీటీ లేకుండా ఇస్తున్నారే?"

ఆయన పెట్టె అందుకుని అటూ ఇటూ తిప్పాడు, మొదటిసారి చూస్తున్నట్టు. "స్టెరాయిడ్ కాదమ్మా, మొహం క్రీము. ఆడవాళ్లందరూ వాడేదే" అన్నాడు. నేను తీసుకోనని తెలిశాక పెట్టెను మళ్లీ దాని చోట పెట్టేశాడు, పౌడరు డబ్బాలకూ కాటుకలకూ మధ్య.